యూరియా బస్తా మీద ఇంగ్లీషు

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల ఒకరోజు ప్రార్థన సమయంలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఇంగ్లీషు వార్తలు చదివింది. ఎక్కడా తడబడలేదు. గొంతు కూడా ఖంగుమంది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. తర్వాత పక్కకు పిలిచి, "బాగా చదివావమ్మా, ఇంతకీ ఏం జరిగిందట?" అని అడిగాను. తల దించుకుంది. "చదవడం వచ్చు మేడమ్, ఏముందో తెలీదు" అంది.

తప్పు ఆ పిల్లది కాదు. గడగడా చదివితే చాలు, ఇంగ్లీషు వచ్చేసినట్టేనని మురిసిపోతున్నది మనమే. బడిలో మేమూ అంతే, ఇంట్లో మీరూ అంతే.

తెలుగులో ఈ చిక్కు తక్కువ. గుణింతాలు, ఒత్తులు పట్టుబడితే రాసింది రాసినట్టు చదువుకుంటూ పోవచ్చు. చదివిన మాటల్లో సగానికి పైగా ఇంట్లో రోజూ వినేవే కాబట్టి అర్థం కూడా వెంటే వస్తుంది. ఇంగ్లీషులో రెండు దారులూ ఎగుడుదిగుడే. ఉన్న 26 అక్షరాలతోనే దాదాపు 44 ధ్వనులు పలకాలి. 'ఓ, యు, జి, హెచ్' అనే గుంపుతో ముగిసే మాటల్లో ఒకదాన్ని 'దో' అని పలకాలి, ఇంకోదాన్ని 'త్రూ', మరో రెండింటిని 'కాఫ్', 'ఇనఫ్' అని. మనవాడు 'నైఫ్'ను 'క్నైఫ్' అని చదివాడంటే తెలివి లేక కాదు. తెలుగు చదివే అలవాటు కొద్దీ, కనిపించిన అక్షరాన్ని వదలకుండా పలుకుతున్నాడు. దయచేసి నవ్వకండి. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇంటర్‌లో 'డిటర్మిన్'ను 'డిటర్మైన్' అని చదివితే క్లాసంతా గొల్లుమంది. ఆ ఏడాది మళ్ళీ నోరు తెరవలేదు.

పిల్లల పుస్తకాలు తిరగేస్తే ఇంగ్లీషు మాటల నెత్తిన పెన్సిల్‌తో తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. ఆరో తరగతిలో పర్వాలేదు. తొమ్మిదిలోనూ అదే పని అయితే కళ్ళు పై వరుస మీదే పరిగెత్తుతాయి, కింద ఉన్న ఇంగ్లీషును ఎవరూ చూడరు. పలికే తీరు బదులు అర్థం రాసుకోమని చెప్పండి.

మన తెలంగాణలో 2022-23లో సర్కారు బడులు ఇంగ్లీషు మీడియంలోకి మారినప్పుడు ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉండేలా పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. "తెలుగు పేజీ ఉంటే ఇక ఇంగ్లీషు ఎందుకు చదువుతారు మేడమ్?" అని కొందరు అడిగారు. నేను మాత్రం ముందు తెలుగు పేజీయే చదవమంటాను. కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటో తెలిసిన పిల్లకు ఎదురు పేజీలో కొత్త మాటలే కష్టం, సంగతి కాదు. తెలుగు చదివాక ఆ పేజీని అట్టతో మూసి, ఇంగ్లీషు పేజీని రెండు మూడు సార్లు చదవాలి. మాట మాటగా కాకుండా రెండు మూడు మాటలు కలిపి చదివితే వాక్యం ఎటు పోతోందో అందుతుంది. తెలియని ప్రతి మాటకూ డిక్షనరీ తీయక్కర్లేదు.

ఏడో తరగతి పాప సంగతి ఒకటి చెప్పాలి. ఇంట్లో కనిపించే ఇంగ్లీషు ఏదైనా రాసుకు రమ్మంటే చాలామంది సబ్బు కవర్లు, బిస్కెట్ ప్యాకెట్లు ఎక్కించుకొచ్చారు. ఈ పాప పశువుల కొట్టంలో ఉన్న యూరియా బస్తా మీది రాతలు మొత్తం దించుకొచ్చింది. నత్రజని 46 శాతం, బరువు 45 కిలోలు. "బస్తా అంటే 50 కిలోలు కదా" అన్నాడట వాళ్ళ నాన్న. ఆ తూకం 2018లోనే మారింది. కింద 'యూజ్ నో హుక్స్' అని ఉంది. మూడు మాటలూ చదవగలిగింది కానీ, ఎరువు బస్తాకు హుక్కు ఎందుకో అంతుపట్టలేదు. బట్టలకు కుట్టే హుక్కు అనుకుంది. నాన్నకు ఇంగ్లీషు అక్షరం రాదు. అయినా ఆ మాట వినగానే, "హమాలీలు బస్తా లేపడానికి కొక్కెం గుచ్చుతారు కదా, సంచి చిరిగి మందు కారిపోతుంది. అందుకే వద్దన్నారు" అని చెప్పాడట.

చదివింది పాప. అర్థం చెప్పింది నాన్న.

అందుకే "మాకు ఇంగ్లీషు రాదు, మేమేం చెప్పగలం" అని మీటింగులో ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అన్నం తిన్నాక పది నిమిషాలు పక్కన కూర్చోండి. ఒక పేరా చదివించి, "ఏముందిరా ఇందులో?" అని తెలుగులోనే అడగండి. చెప్పగలిగితే చదివినట్టు. నీళ్ళు నమిలితే మళ్ళీ ఒకసారి చదవమనండి, అంతే. చుట్టాలు వచ్చినప్పుడు "ఏదీ, మామయ్యకు ఇంగ్లీషులో చదివి వినిపించు" అని మాత్రం నిలబెట్టకండి. ఆ టెన్షన్‌లో వచ్చింది కూడా మరిచిపోతారు.

ఫోన్ ఎలాగూ పిల్లల చేతిలోనే ఉంటోంది. ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. కథలకు నాలుగు స్థాయిలున్నాయి, చాలా కథలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి. పెద్ద పిల్లలైనా ఒకటో స్థాయి నుంచే మొదలుపెట్టనివ్వండి, చిన్నతనం అనుకోవద్దు. పుస్తకం పిల్లలకు మరీ కష్టమవుతుందా అని చూడటానికి వేళ్ళ లెక్క ఒకటుంది. ఏదో ఒక పేజీ తెరిచి, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవాలి. పేజీ అయ్యేలోగా పిడికిలి మూసుకుపోతే ఆ పుస్తకం ఇంకొన్నాళ్ళు ఆగొచ్చు.

ఈ శనివారం నుంచి లైబ్రరీలోని ఇంగ్లీషు కథల పుస్తకాలు ఒక్కొక్కరికి ఒకటి చొప్పున ఇంటికి పంపుతున్నాం. ఇన్నాళ్ళూ చిరుగుతాయని బీరువాలో పెట్టి తాళం వేసింది నేనే. చారు మరక పడినా ఏమీ అనం. సోమవారం పుస్తకం వెనక్కి వస్తే చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు