ఆ చక్రం బండిది కాదు

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో జర్మనీ చిన్న ఊళ్ల అధికారిక చిహ్నాల మీద వేసిన వ్యాసం ఆసక్తిగా ఉంది. అయితే అవన్నీ మధ్యయుగాల నాటివనడం సరికాదు. పాత పట్టణాల సంగతి వేరు. చిన్న మున్సిపాలిటీల్లో చాలావాటికి ఈ చిహ్నం, అంటే డాలు ఆకారంలో గీసే గుర్తు, దక్కింది 20వ శతాబ్దంలోనే. అంతకుముందు ఉంటే గింటే పత్రాల మీద వేసే ముద్ర ఒకటి ఉండేది.

చిహ్నం కావాలంటే ముందు ఊరి కౌన్సిల్ తీర్మానించాలి. డాలు చిహ్నాలు గీసే విద్య తెలిసిన చిత్రకారుడు నమూనా గీస్తే, రాష్ట్ర ఆర్కైవ్స్ వారు చూసి అభిప్రాయం చెబుతారు. పైఅధికారుల ఆమోదం ఆ తర్వాత. చర్చి, వాగు, ద్రాక్షగుత్తి, గోధుమకంకి అన్నీ ఒకే డాలులో ఇరికిస్తే అభ్యంతరం తప్పదు. రంగు మీద రంగు వేసినా అంతే. బంగారు, వెండి (అచ్చులో పసుపు, తెలుపు) లోహాల కింద లెక్క; ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ రంగులు. లోహం మీద రంగు, లేదంటే రంగు మీద లోహం రావాలి. నీలం మీద నల్ల సింహాన్ని వేస్తే నాలుగడుగులు వెనక్కి జరిగేసరికి ఏమీ కనబడదు మరి!

ఊరిని ఒకప్పుడు ఎవరు ఏలారో చాలాసార్లు డాలే చెబుతుంది. నలుపు మీద ఎర్ర కిరీటం పెట్టుకున్న బంగారు సింహం పాలటినేట్ అనే పాత జర్మన్ సంస్థానం పాలకులది. వెండి మీద ఎర్ర శిలువ ట్రియర్ నగరం నుంచి ఏలిన ఆర్చిబిషప్పులది (క్రైస్తవ మతపెద్దలది). మీ వ్యాసకర్త రైతుబండి చక్రమన్నది ఎరుపు మీద ఆరు ఆకుల (చువ్వల) వెండి చక్రం. అది అలాగే మైంజ్ నగరం నుంచి ఏలిన ఆర్చిబిషప్పుల గుర్తు. చక్రం విరిగి ఉన్నా, అంచున కత్తులున్నా అది సెయింట్ కేథరిన్ అనే క్రైస్తవ పునీతురాలిది, అంటే చాలావరకు ఊరి చర్చికి సంబంధించినది.

మీరు వేసిన సింహం మన కుడివైపు చూస్తోంది. డాలుకు కుడిఎడమలు పట్టుకున్నవాడి వైపు నుంచి లెక్క కాబట్టి, అది సాధారణంగా మన ఎడమకు చూడాలి. పేజీలో అమరడం కోసం బొమ్మను తిప్పేసినట్టున్నారు. నలుపు తెలుపులో అచ్చువేసేటప్పుడు 17వ శతాబ్దం నుంచీ ఉన్న గీతల పద్ధతి వాడవచ్చు: చుక్కలు బంగారు, ఖాళీ వెండి, నిలువు గీతలు ఎరుపు, అడ్డగీతలు నీలం, ఏటవాలు గీతలు ఆకుపచ్చ, గళ్లు నలుపు.

మరొకటి. 1960ల చివర, 1970లలో పశ్చిమ జర్మనీలో ఊళ్లను పెద్దఎత్తున కలిపేశారు. ఒక్క బవేరియాలోనే సుమారు 7,000 మున్సిపాలిటీలు 2,000కు తగ్గాయి. కలిసిపోయిన ఊరి డాలు పొలిమేరలో, పండగ జెండాల మీద కనిపిస్తూనే ఉంటుంది గానీ, దానికి అధికార హోదా పోయింది. కాబట్టి ఫొటో కింద ‘మున్సిపాలిటీ చిహ్నం’ అని రాసేముందు, ఆ ఊరు ఇప్పటికీ విడి మున్సిపాలిటీయేనా అన్నది చూసుకోవాలి.

– ఒక పాఠకుడు