2018 జూన్ 26 ప్రైమరీ: ఒకాసియో కోర్టెజ్ ఏమంటున్నారు?
అందరికీ నమస్కారమండీ. మంగళవారం మన న్యూయార్క్ 14వ డిస్ట్రిక్ట్‌లో (నియోజకవర్గంలో) డెమోక్రటిక్ ప్రైమరీ, అంటే ఆ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక. 1999 నుంచి అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో ఉన్న జో క్రౌలీ మీద 28 ఏళ్ల అలెగ్జాండ్రియా ఒకాసియో కోర్టెజ్ పోటీ చేస్తున్నారు. 74వ వీధి స్టేషన్ మెట్ల దగ్గర ఆవిడ పోస్టర్ చూశాను. పేరు ముందు స్పానిష్ పద్ధతిలో తలకిందులుగా ఆశ్చర్యార్థకం!

అందరికీ ప్రభుత్వ వైద్యబీమా, ప్రభుత్వ కాలేజీల్లో ఫీజు లేని చదువు, పని కావాలన్నవాళ్లకు ఉద్యోగ హామీ అంటున్నారు. కార్పొరేట్ ప్యాక్‌ల (కంపెనీల తరఫున ఎన్నికల విరాళాలిచ్చే కమిటీల) డబ్బు ముట్టుకోవడం లేదు. ఉద్యోగ హామీకి నిధులెలా తెస్తారో ఇంకాస్త వివరంగా చెప్పాలని నా కోరిక.

ఇమిగ్రేషన్ చట్టాలను అమలుచేసే ఐసీఈని రద్దు చేయాలని కూడా ఆవిడ అంటున్నారు. ఆ మాట అనగానే నిన్న కొందరు టెన్షన్ పడ్డారు. అది 2003లో పుట్టిన సంస్థ. అరెస్టులు, డిపోర్టేషన్లు దాని పని. మన హెచ్1బీ, గ్రీన్‌కార్డు ఫైళ్లు చూసేది యూఎస్‌సీఐఎస్ అనే మరో ప్రభుత్వ సంస్థ. రెండూ వేరు. సరిహద్దులో పసిపిల్లల్ని అమ్మానాన్నల నుంచి విడదీస్తుంటే కడుపు తరుక్కుపోతోంది, ఈ విషయంలో నేను ఆవిడ వైపే.

డెమోక్రాట్లుగా రిజిస్టరైన సిటిజన్లకే ఓటు. పోలింగ్ ఉదయం 6 నుంచి రాత్రి 9 వరకు. పెద్దవాళ్లకు రైడ్ కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, వచ్చి తీసుకెళ్తాను.