ఫంక్షన్ హాల్ సామాన్ల జమా ఖర్చులు

అందరికీ నమస్కారం. మన కాలనీ హాల్లోకి టేబుళ్లు, కుర్చీలు, వంటింటి సామాను కొన్న లెక్క ఇది. 84 ఇళ్లకు 78 ఇళ్ల వాళ్లు తలా 5,000 కట్టారు, అది 3,90,000. పేరు రాయొద్దన్న ఒక పెద్దాయన 51,000 ఇచ్చారు. పాత ఇనప కుర్చీలు తుక్కుకి వేస్తే 14,500 వచ్చింది. మొత్తం జమ 4,55,500 రూపాయలు.

అందరూ అడిగేది టేబుళ్ల గురించే కాబట్టి ముందు అదే చెప్తాం. 20 టేబుళ్లు, ఒక్కోటి 7,200, మొత్తం 1,44,000. 5,800కే వస్తుంటే 28,000 ఎక్కువెందుకు పోశారంటున్నారు. మొదట మేమూ 5,800 వాటికే మొగ్గాం. షాపాయన ఇది 304 స్టీలే (తుప్పు సులువుగా పట్టని మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలు) అని అయస్కాంతం పెట్టి చూపించాడు, అంటుకోలేదు, మేం నమ్మేసి రసీదు కూడా అడక్కుండా 5,000 అడ్వాన్స్ ఇచ్చి ఒక టేబుల్ శాంపిల్‌కి తెచ్చుకున్నాం. రెండు ఫంక్షన్లలో సాంబారు, పులిహోర దాని మీద పడి, కడిగేసరికే అంచు మడతల్లో, వెల్డింగ్ దగ్గర తుప్పు మచ్చలు తేలాయి. బాలానగర్‌లో ఫ్యాబ్రికేషన్ చేసే ఒకాయన దాన్ని చూసి నవ్వాడు. చవక రకమైన 202 స్టీలుకైనా 304కైనా అయస్కాంతం అంటుకోదట, తుప్పు పట్టడంలో తేడా నికెల్‌ వల్లే, 304లో 8 శాతం పైన ఉంటే 202లో 4 నుంచి 6 శాతమే. స్టీల్ టెస్టింగ్ ద్రావకం ఒక్క చుక్క వేస్తే రంగు మారి అది 202 అని తేలిపోయింది. అందుకే 7,200 పెట్టి 304వే కొన్నాం, గ్రేడ్ బిల్లు మీదే రాయించాం.

శాంపిల్ వెనక్కి తీసుకున్నారు గానీ అడ్వాన్స్ రాలేదు. తప్పు మాదే, కమిటీ ఐదుగురం తలో వెయ్యి వేసుకున్నాం, ఖర్చులో కలపలేదు.

కుర్చీలు 100, ఒక్కోటి 1,150, మొత్తం 1,15,000. గుడ్డ సీటు బాగుంటుందని కొందరన్నారు, కానీ నూనె మరక పడితే వదలదు, రెక్సిన్ తీసుకున్నాం. ఈ టేబుళ్లు, కుర్చీల ధరల్లో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంది. రాణిగంజ్‌లో గ్యాస్ పొయ్యిలు, సింకు, కూరలు కోసే బల్ల 96,000. బేగంబజార్‌లో బగోనెలు, గరిటెలు, బకెట్లు 41,300. వడ్డించే కౌంటర్ 28,400, నీళ్లు పడతాయని తడికి ఆగే ఐఎస్ 710 రకం ప్లైవుడ్‌తోనే చేయించాం. డీసీఎం వ్యాన్ కిరాయి, హమాలీ కలిపి 9,700, ఇందులో హమాలీకి మాత్రం బిల్లు లేదు.

మొత్తం ఖర్చు 4,34,400. మిగిలిన 21,100 బ్యాంకులో ఉంది, వంటింటికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టిద్దామనుకుంటున్నాం. బిల్లుల ఫైలు వాచ్‌మన్ దగ్గర ఉంది, ఎవరైనా చూడొచ్చు. ఇంకా కట్టని ఆరు ఇళ్ల వాళ్లకు మళ్లీ ఫోన్ చేస్తాం, దయచేసి ఎత్తండి.