కారణం రాయని ‘అనర్హత’

సంపాదకుడు గారికి,

మా పట్టణంలో ఇందిరమ్మ ఇళ్ల జాబితా నుంచి ‘అనర్హుల’ను ఏరేశారని గత వారం మీ జిల్లా పేజీలో వార్త వేశారు. ఆ అనర్హత ఏమిటో అందులో ఒక్క ముక్క లేదు. విలేకరిని అని లాభం లేదు, మున్సిపాలిటీ వాళ్లు తీసేసినవాళ్లకే చెప్పలేదు.

2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా తెలంగాణ ప్రభుత్వం ప్రజాపాలన పేరుతో ఈ ఇళ్లకు దరఖాస్తులు తీసుకుంది. తర్వాత యాప్‌తో ఇంటింటి సర్వే. సొంత జాగా ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్-1, జాగా కూడా లేనివాళ్లు ఎల్-2, మిగతా అంతా ఎల్-3. తొలి విడత ఎల్-1 వాళ్లకే. చిక్కంతా ఇక్కడే. సర్వేకి వచ్చినాయన దరఖాస్తుదారు ఉంటున్న ఇంటి ఫొటో తీస్తాడు. కిరాయి గదికి స్లాబ్ ఉంటే స్లాబ్ అనే పడుతుంది. సొంతమా, కిరాయా అన్నచోట తొందరలో ‘సొంతం’ నొక్కాడా, ఆ మనిషి ఎల్-3లోకి పోయినట్టే. ఉమ్మడి రేషన్ కార్డుంటే ఇంకో తిరకాసు: తండ్రికి ఎప్పుడో వచ్చిన కాలనీ ఇల్లు, పెళ్లై వేరుపడ్డ కొడుకు లెక్కలో తేలుతుంది. ఇంటిపన్ను రసీదు ఇంకా తాత పేరు మీదే ఉంటే ‘స్థలం లేదు’. కిరాయి ఒప్పందం, భాగపంపకాల కాగితం ముందు పెట్టుకుని చూస్తే పూటలో తేలే పనులివి.

ఏ తప్పు పడిందో తెలిస్తేగా! చేతికిచ్చిన ఎండార్స్‌మెంట్‌లో, అంటే ఆఫీసు జవాబు కాగితంలో, ఒకటే వాక్యం: ‘పరిశీలించి అర్హత లేదని తెలియజేయడమైనది’. ఎవరు పరిశీలించారు, ఎప్పుడు, ఏ నిబంధన కింద? ఏమీ లేదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి) ప్రకారం, నిర్ణయంతో నష్టపోయినవాళ్లకు కారణాలు అడగకుండానే చెప్పాలి. చెప్పరు కాబట్టి సెక్షన్ 6 కింద అడగాల్సిందే. ‘నాకు ఇల్లు ఎందుకు రాలేదు’ అని రాస్తే దాటేస్తారు. ‘నా దరఖాస్తు నంబరు మీద సర్వే యాప్‌లో నమోదు చేసిన వివరాలు, ఫొటో, తేదీ, తిరస్కరణ నోట్‌షీటు (ఫైలులో అధికారులు రాసుకున్న కాగితం) నకళ్లు ఇవ్వండి’ అని రాయాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు, కార్డు జిరాక్స్ జతచేస్తే చాలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు.

సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉందిగా అంటారు. ఉంది. రసీదూ ఇస్తారు. ఆ అర్జీ తిరిగి తిరిగి ఎవరి మీద ఫిర్యాదో వాళ్ల టేబుల్ మీదికే వస్తుంది, వాళ్లు అదే వాక్యం మళ్లీ టైపు చేసి ‘పరిష్కరించబడినది’ అంటారు. ఒకప్పుడు పింఛను కాదన్నా ఫైలు నంబరు వేసి, కారణం రాసి, కింద పొడి అక్షరాలైనా పెట్టేవారు. ఇప్పుడు జాబితా ముందుగా దొరికేది ఇందిరమ్మ కమిటీ సభ్యుల వాట్సాప్‌లో!

మంజూరైనవాళ్ల దగ్గర మాత్రం ఎక్కడలేని నిక్కచ్చి. కట్టడం 600 చదరపు అడుగులు దాటిందని తేలితే బేస్‌మెంట్ దశలో రావాల్సిన లక్ష ఆగిపోతుంది. టేపు పట్టుకుని మరీ కొలుస్తారు.

తీసేసినవాళ్ల దరఖాస్తు నంబరు, సర్వే తేదీ, తిరస్కరణ కారణం, ఎవరికి అప్పీలు చేసుకోవాలి అన్న నాలుగు గడులతో ఒక జాబితా వార్డు ఆఫీసు గోడకు అంటించమనండి. అభ్యంతరాలకు కనీసం పదిహేను రోజులివ్వాలి. అప్పటిదాకా వాళ్ల పేర్లు తీసేయగా మిగిలిన ఇళ్లను ఇంకొకరికి కేటాయించకూడదు.

– ఒక రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి