వార్షిక నివేదిక 2024–25: స్మార్ట్ మాన్యుఫ్యాక్చరింగ్‌కు మన యూనిట్ల ప్రణాళిక

గౌరవ సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన పారిశ్రామికవాడల యూనిట్ల సంఘం చేసిన పనుల వివరాలివి. రోడ్లు, డ్రైనేజీ, కరెంటు సమస్యల వంటి ఏటా ఉండే పనులు ఈసారీ ఉన్నాయి. వాటిని చివర్లో క్లుప్తంగా చెప్తాం. ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువ సమయం పెట్టింది మాత్రం ఒక్క పనికే. స్మార్ట్ మాన్యుఫ్యాక్చరింగ్ వైపు, అంటే మెషిన్ల నుంచి వచ్చే సమాచారం ఆధారంగా ఉత్పత్తి నడిపే పద్ధతి వైపు, వెళ్లాలనుకుంటున్న సభ్యులు ఏది ముందు కొనాలి, ఏది తర్వాత కొనాలి, ఏది అసలు అక్కర్లేదు అన్నది తేల్చుకోవడానికి తోడుగా కూర్చున్నాం.

ఈ పని ఎందుకు ఎత్తుకున్నామో చెప్పాలి. హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వాడల్లో చాలా యూనిట్లు హెచ్ఏఎల్, బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, బీడీఎల్ వంటి పెద్ద సంస్థల జాబ్ వర్క్ చేస్తూ పెరిగినవే. డ్రాయింగ్ ప్రకారం పని చేయడం, మెటీరియల్ సర్టిఫికెట్ జతచేయడం, ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్ ఇవ్వడం మనకు కొత్త కాదు. ఇప్పుడు కొనేవాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. ఈ పార్ట్ ఏ మెషిన్ మీద అయింది, ఏ బ్యాచ్ మెటీరియల్, ఏ ఆపరేటర్, ఏ టూల్, ఇవన్నీ అడిగిన వెంటనే చూపించగలరా అంటున్నారు. ఇంకోపక్క సాఫ్ట్‌వేర్లు, రోబోలు అమ్మేవాళ్లు రోజూ గేటు దగ్గరికి వస్తున్నారు. 2011లో జర్మనీలోని హానోవర్ ప్రదర్శనలో బయటికొచ్చిన ‘ఇండస్ట్రీ 4.0’ (నాలుగో పారిశ్రామిక విప్లవం) అన్న మాట ఇప్పుడు ప్రతి కొటేషన్ మీదా కనిపిస్తోంది. పొరుగువాడు కొన్నాడని మనమూ అప్పు చేసి కొంటే కిస్తీలు మిగులుతాయి గానీ ఉత్పత్తి పెరగదు. ఈ భయం చాలామంది సభ్యులు మా దగ్గర పైకే చెప్పారు.

ఎక్కడున్నామో తెలుసుకోవడం

యూనిట్ పరిస్థితి అంచనా వేయడానికి సింగపూర్ ఆర్థికాభివృద్ధి బోర్డు 2017లో తెచ్చిన స్మార్ట్ ఇండస్ట్రీ రెడీనెస్ ఇండెక్స్‌ను ఆధారంగా తీసుకున్నాం. దీన్ని క్లుప్తంగా ‘సిరి’ అంటారు. ప్రాసెస్, టెక్నాలజీ, ఆర్గనైజేషన్ అని మూడు భాగాలు, వాటి కింద 16 అంశాలు ఉంటాయి. ఒక్కో అంశానికి 0 నుంచి 5 వరకు స్థాయి ఇచ్చుకోవాలి. ఈ పద్ధతిలో మాకు నచ్చింది ఏమిటంటే, ఇది మెషిన్లను మాత్రమే చూడదు. షాప్ ఫ్లోర్‌లో ఆటోమేషన్ ఎంత అని అడిగినట్టే, పనివాళ్లకు నేర్పే ఏర్పాటు ఉందా, యజమానికి ఈ విషయాల మీద అవగాహన ఉందా, డిపార్ట్‌మెంట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయా అని కూడా అడుగుతుంది.

అధికారికంగా అసెస్‌మెంట్ చేయించుకోవాలంటే సర్టిఫికెట్ ఉన్న అసెసర్ రావాలి. ఇరవై మందితో నడిచే యూనిట్‌కు మొదట్లోనే అంత అవసరం లేదన్నది కార్యవర్గం అభిప్రాయం. అందుకని ఆ 16 అంశాలనూ మన యూనిట్లకు సరిపోయే ప్రశ్నలుగా తెలుగులో రాసుకున్నాం. యజమాని, ప్రొడక్షన్ సూపర్‌వైజర్, క్వాలిటీ చూసే మనిషి ముగ్గురూ వేర్వేరుగా ఫారం నింపాలని నియమం పెట్టాం. నింపిన ఫారాలు పక్కపక్కన పెడితే అసలు సంగతి బయటపడింది. ‘ప్రొడక్షన్ ప్లానింగ్ ఎక్కడ ఉంటుంది?’ అన్న ప్రశ్నకు యజమాని ఈఆర్‌పీ (ఆర్డర్లు, స్టాకు, లెక్కలు ఒకేచోట ఉంచే సాఫ్ట్‌వేర్) అని, సూపర్‌వైజర్ వాట్సాప్ గ్రూప్ అని, క్వాలిటీ మనిషి ‘సార్ మనసులో’ అని రాసిన యూనిట్లు ఉన్నాయి. ఈ తేడా చూశాక కొన్ని యూనిట్లలో కొత్త సాఫ్ట్‌వేర్ మాట పక్కనపెట్టి, ఉన్న ఈఆర్‌పీలో జాబ్ కార్డులు రోజూ ఎక్కించే పని ముందు మొదలుపెట్టారు.

మెషిన్ ఎందుకు ఆగుతోంది

రెండో మెట్టు సమయం లెక్క. ప్రతి యూనిట్‌లో అన్నిటికంటే ఎక్కువ లోడ్ ఉన్న మెషిన్ ఒక్కటి ఎంచుకుని, దాని పక్కనే ఒక షీట్ వేలాడదీసి, మెషిన్ ఆగిన ప్రతిసారీ కారణం రాయమన్నాం. మొదట్లో షీట్లన్నీ ‘సెట్టింగ్, సెట్టింగ్, సెట్టింగ్’ అనే వచ్చాయి. సెట్టింగ్ అంటే తర్వాతి పార్ట్ కోసం మెషిన్‌ను సిద్ధం చేయడం. ఆపరేటర్లు అబద్ధం రాయలేదు. కారణాలు విడదీసి అడగలేదు కాబట్టి అన్నీ ఆ ఒక్క మాట కిందికే చేరాయి. తర్వాత షీట్ మార్చాం. టూల్ లేదు, మెటీరియల్ రాలేదు, ఫస్ట్ పీస్ అప్రూవల్ (మొదటి పీస్ కొలిచి సరే అనడం) కోసం ఆగింది, ప్రోగ్రామ్ సవరణ, కరెంటు, నిజమైన సెట్టింగ్ అని గడులు పెట్టాం. ఆపరేటర్ టిక్ పెడితే చాలు.

దీంతో పాటే ఓఈఈ, అంటే మెషిన్‌ను ఎంత బాగా వాడుకున్నామో చెప్పే శాతం, లెక్క నేర్పించాం. చూడ్డానికి పెద్ద పేరు గానీ లెక్క సులువే. షిఫ్టులో టీ, భోజనం తీసేస్తే 450 నిమిషాలు అనుకుందాం. మెషిన్ 90 నిమిషాలు ఆగితే నడిచింది 360, అంటే 80 శాతం. పీస్‌కు 3 నిమిషాలు పడితే ఆ సమయంలో 120 పీసులు రావాలి, 102 వచ్చాయి, అంటే 85 శాతం. వాటిలో 99 పాస్ అయితే 97 శాతం. మూడూ గుణిస్తే 66 శాతం. జపాన్‌లో టీపీఎం (మెషిన్ల నిర్వహణలో అందరినీ భాగం చేసే) పద్ధతిని తీర్చిదిద్దిన సెయిచి నకజిమా 85 శాతాన్ని మంచి ప్రమాణంగా చూపించారు. ఆ అంకె చూసి ఎవరూ టెన్షన్ పడనక్కర్లేదు. రకరకాల పార్టులు చిన్న చిన్న లాట్లలో చేసే మన యూనిట్లలో సెట్టింగులు ఎక్కువే ఉంటాయి. పోయిన నెల కంటే ఈ నెల ఎంత మెరుగుపడ్డామన్నదే మనం చూడాల్సింది.

ఒక సభ్యుని యూనిట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. టర్నింగ్ పార్టులు చేసే ఈ యూనిట్ వాళ్లు లోడింగ్‌కు రోబో చెయ్యి కొనాలని కొటేషన్ దాకా వెళ్లారు. షీట్లు లెక్కేస్తే మెషిన్ ఆగిన సమయంలో పెద్ద వాటా ఫస్ట్ పీస్ అప్రూవల్‌దే. ఇన్‌స్పెక్టర్ ఒక్కరే. మెషిన్లకు దూరంగా ఒక గదిలో ఉంటారు. పీస్ పట్టుకెళ్లిన ఆపరేటర్ అక్కడ వరసలో నిలబడుతున్నాడు. రోబో పెట్టినా పీస్ ఆ గది బయట ఆగాల్సిందే. వాళ్లు లైన్ పక్కనే ఒక కొలత బల్ల వేసి, ఆ పార్టులకు సరిపోయే గేజ్‌లు చేయించి, సీనియర్ ఆపరేటర్లకు ఫస్ట్ పీస్ పాస్ చేసే శిక్షణ, అధికారం రెండూ ఇచ్చారు. రోబో ఆలోచన మానుకోలేదు, రెండో ఏడాదికి జరిపారు. మా దృష్టిలో ఈ ఏడాది సంఘం చేసిన పనిలో అన్నిటికంటే విలువైనది ఇదే.

పాత మెషిన్లూ పనికొస్తాయి

‘మావి పాత హెచ్‌ఎంటీ లేత్‌లండీ, వాటికి ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి?’ అని అడిగినవాళ్లు చాలామంది. కుదురుతాయి. మోటార్ తీగ చుట్టూ కరెంట్ సెన్సార్ ఒకటి తొడిగితే మెషిన్ ఆగి ఉందా, ఖాళీగా తిరుగుతోందా, మెటల్ కోస్తోందా అన్నది కరెంటును బట్టే తెలుస్తుంది. మెషిన్ వైరింగ్ విప్పనక్కర్లేదు. సీఎన్‌సీల్లో (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మెషిన్లలో) అయితే కంట్రోలర్ నుంచే సమాచారం తీసుకోవచ్చు. కంట్రోలర్ ఫానుక్ కంపెనీది అయితే ఫోకాస్ (FOCAS) ద్వారా, కొత్త సీమెన్స్ అయితే ఓపీసీ యూఏ ద్వారా. ఈ రెండూ మెషిన్ సమాచారాన్ని కంప్యూటర్‌కు అందించే మార్గాలు. మీ మెషిన్‌లో ఈథర్‌నెట్ పోర్ట్ ఉందా, ఆ ఆప్షన్ తెరిచి ఉందా అన్నది కొటేషన్ అడగడానికి ముందే చూసుకోండి. అది లేకపోతే ఖర్చు లెక్కంతా మారిపోతుంది.

ఇదే సందర్భంలో ఇంకో మాట గట్టిగా చెప్తున్నాం. సీఎన్‌సీ కంట్రోలర్ మెమరీని కాపాడే చిన్న బ్యాటరీ ఉంటుంది. అది పూర్తిగా అయిపోతే పారామీటర్లు (మెషిన్ నడవడానికి అందులో దాచిన విలువలు) పోయి మెషిన్ మూలన కూర్చుంటుంది. ఏడాదికోసారి, మాన్యువల్‌లో చెప్పినట్టు పవర్ ఆన్‌లో ఉండగానే మార్చాలి. పారామీటర్ల బ్యాకప్ తీసి, మెషిన్‌కు దూరంగా వేరే చోట దాచాలి. ఈ క్రమశిక్షణ లేని షాపులో డ్యాష్‌బోర్డులు పెట్టి లాభం లేదు. ప్రోగ్రాములు మోసే పెన్‌డ్రైవ్ ఇంట్లో కంప్యూటర్‌కు పెట్టకుండా చూడటం కూడా ఇందులో భాగమే.

కంప్రెసర్ సంగతి చాలామంది పట్టించుకోరు. సరిగ్గా చూసుకోని ప్లాంట్లలో కంప్రెసర్ ఇచ్చే గాలిలో 20–30 శాతం లీకుల్లోనే పోతుందని ఎనర్జీ ఆడిటర్ల అంచనా. భోజన విరామంలో గాలి వాడేవన్నీ ఆపేసి, కంప్రెసర్ ఎన్నిసార్లు లోడ్ అవుతోందో, అంటే మళ్లీ గాలి నింపుతోందో, గడియారం పెట్టి చూడండి. ఎనర్జీ మీటర్ పెడితే ఇది రోజూ తెలుస్తుంది. మొదటి పెట్టుబడి దేనిమీద పెట్టాలో తెలియని యూనిట్లకు మేము ఇదే సూచిస్తున్నాం. బిల్లులో తేడా కనిపిస్తే తర్వాతి మెట్టుకు యజమానికీ, అకౌంటెంట్‌కూ నమ్మకం వస్తుంది.

కాగితం మీద రాసుకోవాల్సినవి

ఇవన్నీ చూశాక ప్రతి యూనిట్‌కు ఒకే పేజీ ప్రణాళిక రాయించాం. మూడేళ్లకు మించి రాయొద్దన్నాం. ఏ నష్టాన్ని తగ్గించాలి, దాన్ని ఇప్పుడు ఎలా కొలుస్తున్నాం, ఎవరి బాధ్యత, డబ్బు ఎక్కడి నుంచి, ఎప్పుడు ఆపేయాలి అన్నవి అందులో ఉండాలి. చివరి ప్రశ్నకు జవాబు రాయడానికి అందరూ ఇబ్బందిపడ్డారు. కానీ ఆరు నెలల్లో ఏ అంకె మారకపోతే వదిలేస్తామో ముందే రాసుకోకపోతే, పనికిరాని సబ్‌స్క్రిప్షన్ ఏళ్ల తరబడి కడుతూనే ఉంటాం.

ఒప్పందాల విషయంలో సభ్యులు దెబ్బతిన్న సందర్భాలు మా దృష్టికి వచ్చాయి. సబ్‌స్క్రిప్షన్ ఆపగానే రెండేళ్ల మెషిన్ డేటా చేతికి రాలేదని ఒక సభ్యుడు చెప్పారు. ఒప్పందంలో ఆ క్లాజే లేదు. ఇకపై సంతకం పెట్టే ముందు, డేటా మనదేనని, అడిగినప్పుడు ఎక్సెల్‌లో తెరుచుకునే రూపంలో మొత్తం ఇవ్వాలని రాయించుకోండి. నమూనా క్లాజులు సంఘం ఆఫీసులో ఉన్నాయి.

పనివాళ్లతో మాట్లాడటం

మెషిన్ మీద సెన్సార్ పెడితే తమ మీద నిఘా పెట్టారని ఆపరేటర్లు అనుకోవడం సహజం. ‘రేపు జీతం కోస్తారా సార్?’ అని ఒక యూనిట్‌లో నేరుగా అడిగారు. ఆ ప్రశ్నకు యజమాని అందరి ముందూ స్పష్టంగా జవాబు చెప్పాలి. ఈ సమాచారాన్ని జీతాల కోతకు, శిక్షలకు వాడబోమని రాసి నోటీసు బోర్డులో పెట్టిన యూనిట్లలోనే కారణాల షీట్లు నిజాయితీగా నిండాయి. మన దగ్గర బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చి పనిచేస్తున్నవాళ్లు ఎందరో. కాబట్టి షీట్లూ, స్క్రీన్లూ తెలుగుతో పాటు హిందీలోనూ ఉండాలి. ఈ విషయంలో కార్యవర్గంలో రెండో అభిప్రాయం లేదు. ఆపరేటర్‌కు ఏమీ తిరిగి చూపించని డేటా సేకరణను మేము ప్రోత్సహించం.

శిక్షణకు దూరం వెళ్లనక్కర్లేదు. 1968లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ మన బాలానగర్‌లోనే ఉంది. మీ పిల్లల వయసు డిప్లొమా కుర్రాళ్లను ఆటోమేషన్ వైపు పంపే ముందు అక్కడి కోర్సుల వివరాలు కనుక్కోండి.

డబ్బు, పథకాలు

పథకాల విషయంలో వదంతులే ఎక్కువ. మనకు నేరుగా పనికొచ్చేవి రెండు. జెడ్ (లోపాలు లేకుండా, పర్యావరణానికి హాని లేకుండా ఉత్పత్తి చేసే యూనిట్లకు ఇచ్చే) సర్టిఫికేషన్‌లో బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ స్థాయిలు ఉన్నాయి. ఫీజులో సూక్ష్మ పరిశ్రమలకు 80, చిన్నవాటికి 60, మధ్య తరహాకు 50 శాతం సబ్సిడీ ఉంది. లీన్ (ఉత్పత్తిలో వృథా తగ్గించే) పథకంలో కన్సల్టెంట్ ఖర్చులో 90 శాతం కేంద్రం భరిస్తుంది. రెండిటికీ ఉద్యం (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) రిజిస్ట్రేషన్ ఉండాలి. స్మార్ట్ మాన్యుఫ్యాక్చరింగ్‌కు ముందు లీన్ చేయడం మంచిదని మా గట్టి నమ్మకం. చెత్త సర్దకుండా కెమెరా పెడితే చెత్తే కనిపిస్తుంది.

కొత్త మెషిన్ కొంటే ‘చిన్న పరిశ్రమ’ హోదా పోతుందేమోనని వెనకాడిన సభ్యులకు ఒక ఊరట. 2025 ఏప్రిల్ 1 నుంచి చిన్న పరిశ్రమకు పెట్టుబడి పరిమితి 10 కోట్ల నుంచి 25 కోట్లకు, టర్నోవర్ పరిమితి 50 కోట్ల నుంచి 100 కోట్లకు పెరిగింది.

బకాయిల సంగతీ ప్రణాళికలో భాగమే. బిల్లులు ఆగితే ఏ కిస్తీ కట్టలేం. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 43బీ(హెచ్) ప్రకారం సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారులకు గడువులోపు చెల్లించని మొత్తాన్ని, అది నిజంగా చెల్లించిన ఏడాదిలోనే కొనుగోలుదారు ఖర్చుగా చూపుకోగలరు. రాతపూర్వక ఒప్పందం ఉంటే గడువు గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజులు. ఇన్‌వాయిస్ మీద మీ ఉద్యం నంబరు తప్పక వేయండి.

ఇతర పనులు

వర్షాకాలానికి ముందు డ్రైనేజీ పూడిక తీయించడానికి, వీధి దీపాలకు, ట్రాన్స్‌ఫార్మర్ లోడ్ సమస్యలకు సంబంధిత కార్యాలయాల చుట్టూ తిరిగాం. కొన్ని అయ్యాయి, కొన్ని ఇంకా నడుస్తున్నాయి. ఆడిట్ అయిన జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో సభ్యుల ముందు ఉంచుతాం.

వచ్చే ఏడాది

ప్రణాళిక రాసుకున్న యూనిట్లు ఎంతవరకు అమలు చేశాయో చూడటం మా మొదటి పని. ఒకే రకం సెన్సార్లు, ఎనర్జీ మీటర్లు కావాల్సిన సభ్యులను కలిపి ఒకేసారి ధర మాట్లాడాలని, ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులను కారణాల షీట్ల లెక్కకు సాయంగా తీసుకోవాలని ప్రతిపాదన ఉంది. ఇంకా ఫారం నింపని సభ్యులు ఆఫీసు నుంచి తీసుకెళ్లి, సూపర్‌వైజర్ చేతా, క్వాలిటీ సిబ్బంది చేతా విడివిడిగా నింపించి, సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు మూడు ఫారాలూ వెంట తీసుకురావాలని కోరుతున్నాం.

భవదీయులు,
కార్యవర్గం