మా నాన్న పుస్తకంలోని అచ్చుతప్పు మీ చాట్‌బాట్ నోటికి ఎలా వచ్చింది?

తెనాలి

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: మా నాన్నగారి పిల్లల కథల పుస్తకాన్ని అనుమతి లేకుండా వాడుకోవడం, దానిమీద మీ లీగల్ విభాగం ఇచ్చిన జవాబు.

అయ్యా / అమ్మా,

మా నాన్నగారు స్కూలు టీచరు. 1991లో సొంత డబ్బు పెట్టి పిల్లల కథల పుస్తకం 500 కాపీలు అచ్చు వేయించుకున్నారు. 23వ పేజీలో గుడ్లగూబ కథ. ఆయన రాసింది ‘చింత తొర్రలో కాపురముండే గుడ్లగూబ’ అని. ప్రెస్సులో ‘చింత తొక్కులో కాపురముండే గుడ్లగూబ’ అని కూర్చారు. ప్రూఫుల్లో నాన్నా చూసుకోలేదు. ఓ అరవై కాపీలు బయటికి వెళ్లిపోయాక గానీ తెలియలేదు. మిగిలినవన్నీ ముందేసుకుని ఎర్రపెన్నుతో ఒక్కొక్కటే దిద్దారు. పక్కన కూర్చుని పేజీలు తీసిచ్చింది నేనే.

పోయిన నెల మా చిన్నాడు మీ చాట్‌బాట్‌ని గుడ్లగూబ కథ చెప్పమన్నాడు. అది చెప్పిన కథలో గుడ్లగూబ చింత తొక్కులో కాపురముంది. వరసగా పదకొండు వాక్యాలు మా పుస్తకంలోవే. గుడ్లగూబని తీసుకెళ్లి పచ్చడి జాడీలో పెట్టిన ప్రెస్సు ఇంకోటి ఉంటుందని నేననుకోను. అంటే మీకు చిక్కింది, దిద్దని ఆ అరవైలో ఒకటి. వాటిలో రెండు నాన్న శాఖా గ్రంథాలయానికి ఇచ్చారు. ఎవరో స్కాన్ చేసి నెట్‌లో పెట్టిన పీడీఎఫ్ కూడా వెతికితే దొరికింది. అందులోనూ తొక్కే.

మీకు రెండు మెయిళ్లు పెట్టాను. మొదటిదానికి మిషన్ జవాబు. రెండోదానికి మీ లీగల్ వాళ్లు రాశారు: ఇది ఫెయిర్ యూజ్ (అనుమతి లేకపోయినా చట్టం ఒప్పుకునే వాడకం) కిందికి వస్తుంది, అభ్యంతరం ఉంటే యూజర్ నిబంధనల ప్రకారం కాలిఫోర్నియా కోర్టుకు వెళ్లవచ్చు అని. ఆ నిబంధనలకు ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కింది మా చిన్నాడు. మా నాన్న నొక్కలేదు. ఆయన 2009లో పోయారు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక ఇంకో 60 ఏళ్లు, అంటే 2069 దాకా ఆ హక్కు మాది. దానికి రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు.

నేను జూనియర్ కాలేజీలో లైబ్రేరియన్‌ని, ఇలాంటి కేసుల గురించి చదువుతూ ఉంటాను. కోర్టుకెళ్లమనడం మీకెంత తేలికో అందుకే తెలుసు. పుస్తకాలు స్కాన్ చేసిందని గూగుల్ మీద అమెరికా రచయితల సంఘం 2005లో కేసు వేసింది. 2016లో అక్కడి సుప్రీంకోర్టు అప్పీలు వినేది లేదనేదాకా అది నడిచింది. గూగుల్ గెలిచింది. తీర్పు తప్పనడం లేదు, వాళ్లు చూపించింది చిన్న ముక్కలే. కానీ పదకొండేళ్లు! ఆ పదకొండేళ్లూ గూగుల్ వ్యాపారం ఏమీ ఆగలేదు. అదే, స్కాన్ చేసిన పుస్తకాలను ఉచితంగా అరువిచ్చిన ఇంటర్నెట్ ఆర్కైవ్ 2024లో అప్పీల్లో కూడా ఓడింది. ఐదు లక్షలకు పైగా పుస్తకాలు అరువు నుంచి తీసేయాల్సి వచ్చింది. రెండు కేసులూ ఒకటి కాదని లాయర్లు చెబుతారు, నిజమే. అయినా లైబ్రరీ మనిషిని, మనసుకు కష్టంగానే ఉంటుంది.

2025 సెప్టెంబరులో ఆంత్రోపిక్ అనే ఏఐ సంస్థ, తన మీద కేసు వేసిన రచయితలకు 150 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీకి వచ్చింది. కొన్న పుస్తకాలతో ఏఐకి శిక్షణ ఇవ్వడం ఫెయిర్ యూజే గానీ, దొంగ కాపీలు పోగేసి దాచుకోవడం కాదని అంతకుముందే జడ్జి అన్నారు. పుస్తకానికి సుమారు 3,000 డాలర్లు. పెద్ద మొత్తమే. కాకపోతే అదే వారంలో ఆ సంస్థ 1,300 కోట్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకున్నట్టు ప్రకటించింది. పైగా అమెరికా కాపీరైట్ ఆఫీసులో రిజిస్టరైన పుస్తకాలకే ఆ డబ్బు. తెనాలిలో 500 కాపీలు వేసుకున్న మేష్టారికి ఆ ఆఫీసు ఉందని కూడా తెలియదు.

పోనీ ఇక్కడే వేద్దామా అంటే, 2024లో తన వార్తలు వాడుకున్నారని ఏఎన్ఐ వార్తా సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళితే, మా సర్వర్లు ఇండియాలో లేవు, ఈ కోర్టుకు అధికారం లేదు అని చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ వాదించింది. ఒక వార్తా సంస్థకే ఆ మాట చెప్పగలిగితే, ఇంక నాకేం చెబుతారు? మీరు న్యాయంగా ఉండాల్సిన పని కూడా లేదు. నాకు ఓపిక అయిపోయేదాకా కూర్చుంటే చాలు.

నేను డబ్బు అడగడం లేదు. ఆ పుస్తకం మీకు ఎక్కడిది, ఎప్పుడు తీసుకున్నారు, రాతపూర్వకంగా చెప్పండి. మీ దగ్గరున్న కాపీ తీసేయండి. మీ చాట్‌బాట్ ఆ కథను ఉన్నదున్నట్టు చెప్పకుండా ఆపండి. ఈసారి జవాబు మనిషి చేత, తెలుగులో రాయించండి. కథలు తెలుగులో చెప్పగలిగినవాళ్లకు అదేం కష్టం కాదు.

దీనితో పాటు టైటిల్ పేజీ, చాట్‌బాట్ జవాబు ప్రింటవుటు, 23వ పేజీ ఫొటోలు రెండు పంపుతున్నాను. ఒకటి మీ దగ్గరున్నలాంటిది. రెండోది నాన్న ఎర్రపెన్నుతో దిద్దింది.

ఇట్లు,
ఆ పుస్తకం రాసినాయన కూతురు