సషికో నేర్చుకోవడానికి కిట్టు అక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో సషికో అనే జపాను చేతికుట్టు గురించి వచ్చిన పరిచయ వ్యాసం బొమ్మలతో సహా ముచ్చటగా ఉంది. అయితే కొత్తగా మొదలుపెట్టేవారు ముందే తెప్పించుకోవలసినవంటూ ప్రత్యేక సూదులు, విదేశీ దారం, గళ్లు అచ్చువేసిన నీలిరంగు గుడ్డ కలిపిన కిట్టును సూచించడం నాకు సబబుగా అనిపించలేదు. నల్లకుంటలో మా ఇంటి వరండాలో శనివారం మధ్యాహ్నాలు నలుగురైదుగురికి ఈ కుట్టు నేర్పుతున్నదాన్ని కనుక నాకు తెలిసినది రాస్తున్నాను.

ఈ కుట్టు పుట్టిందే లేమిలో. ఎడో కాలంలో, అంటే 1603 నుంచి 1868 దాకా, చలి వల్ల పత్తి పండని ఉత్తర జపాను పల్లెల్లో రైతులు నార బట్టలే కట్టేవారు. ఓడల్లో తమ దాకా చేరిన పాత నూలు గుడ్డలో అరచేయంత ముక్కను కూడా వారు పారేయలేదు. చిరిగినచోట ముక్క వేసి, అది అరిగితే దాని మీద మరో ముక్క వేసి, పొరలన్నీ కలిసేలా వరస కుట్లు వేసుకుంటూ పోగా, అతుకులతో బరువెక్కిన ఆ బట్టలనే ఇప్పుడు బోరో అంటున్నారు. అమోరి వైపు త్సుగరు ప్రాంతంలోనైతే నార నేతలోని సందుల్లోంచి చలిగాలి దూరకుండా తెల్లని నూలుదారంతో వాటిని పూడ్చడం కోగిన్ అనే వేరే కుట్టుగా స్థిరపడింది. మన ఇళ్లలో పాత చీరలు పరిచి బొంతలు కుట్టిన అమ్మమ్మలకు ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

కాబట్టి వీధి చివర జాకెట్లు కుట్టేవారిని అడిగితే సంచీడు కత్తిరింపు ముక్కలు దొరుకుతాయి. వాటిలో నూలువే ఏరుకోవాలి. అనుమానమొస్తే ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించి చూడాలి; నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలియెస్టరైతే కరిగి పూసలా గట్టిపడుతుంది. ఏరిన ముక్కలను ఒకసారి ఉతికి ఆరేయాలి, లేకుంటే కుట్టాక ఒక్కొక్కటి ఒక్కో తీరున కుదించుకుపోతుంది. అడుగున వేయడానికి మెత్తబడిన పాత పంచె ముక్క శ్రేష్ఠం. సుల్తాన్ బజారులో దొరికే ఆరు పోగుల ఎంబ్రాయిడరీ నూలుదారం, అది పట్టేంత పెద్ద బెజ్జమున్న పొడుగు సూది చాలు. అసలు సషికో దారానికి మెరుపుండదు, దీనికి కాస్త ఉంటుంది. నేర్చుకునే రోజుల్లో ఆ తేడా లెక్కలోకి రాదు.

కుట్టు మన కచ్చా కుట్టే. పైన కనిపించే కుట్టు మూడు వంతులైతే మధ్య ఖాళీ రెండు వంతులు ఉండాలి; అప్పుడే వరస బియ్యపు గింజలు పేర్చినట్లు కనిపిస్తుంది. సూదిని కదలనీయకుండా పట్టుకొని గుడ్డనే పైకీ కిందికీ మడుస్తూ నాలుగైదు కుట్లు సూదికి ఎక్కించుకొని, ఆ తర్వాత ఒక్కసారి లాగాలి. ఇక్కడే అందరూ తప్పుతారు. కిందటి నెల మా దగ్గరికి వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థిని దారాన్ని ప్రతిసారీ బిగించి లాగడంతో జేబురుమాలంత ముక్క ఎండిన తమలపాకులా ముడుచుకుపోయింది. ఇస్త్రీ చేసినా సాపు కాలేదు, చివరికి కుట్లన్నీ విప్పించాను. దారం లాగిన ప్రతిసారీ బొటనవేలు, చూపుడువేలు మధ్య ఆ వరసను మొదటి నుంచి చివరి దాకా నిమిరి గుడ్డను సాగదీయాలి. మూల తిరిగేటప్పుడు వెనకవైపు చిన్న వదులు వదలాలి. ముడి వేయకుండా, కుట్టిన దారి మీదుగానే మూడు నాలుగు కుట్లు వెనక్కి వెళ్లి దారం తెంపాలి. దారం రెండు మూరలకు మించితే చిక్కుపడుతుంది.

మొదటి నెల అడ్డగీతలూ నిలువు గీతలూ తప్ప మరేమీ కుట్టించవద్దని నా అభిప్రాయం. మీ వ్యాసంలో తొలి నమూనాగా చూపిన అసనోహ, అంటే హెంప్ అనే నార మొక్క ఆకుల నమూనా, చూపులకు తేలికే గానీ దాని నడిమి బిందువు దగ్గర కుట్ల కొసలు ఒకదానిమీదొకటి పడకుండా కాస్త ఎడం వదలడం చేయి తిరిగినవారికే కుదురుతుంది.

చివరిగా ఒక విన్నపం. ఈ శీర్షికను కొనసాగించేటట్లయితే ఐదు మిల్లీమీటర్ల గళ్ల పటాన్ని అసలు కొలతలోనే అచ్చువేయండి. పుటకు సరిపడేలా పెంచినా తగ్గించినా గడి కొలత మారిపోతుంది. అలాగే ఉంచితే పాఠకులు దాని కింద కార్బన్ కాగితం పెట్టి నేరుగా గుడ్డ మీదికి దించుకోగలుగుతారు.

ఇట్లు,
విశ్రాంత కుట్టుపని ఉపాధ్యాయురాలు,
నల్లకుంట, హైదరాబాద్